కుక్కర్‌కి గాస్కెట్, ఫోనుకి బ్యాటరీ

కిందటి నెలలో ఒక సాయంత్రం మా వదిన కాకినాడ నుంచి ఫోను చేసింది. చేసింది గానీ, మాట సగంలోనే తెగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ తెగింది. మూడోసారి అన్నయ్య ఫోను తీసుకుని చేసి, "నా ఫోనుకి ఏదో మాయరోగం వచ్చింది అమ్మాయ్! నలభై శాతం ఛార్జింగు ఉందని చూపిస్తూనే టప్పున ఆరిపోతోంది. షాపు కుర్రాడేమో 'దీనికి కాలం చెల్లిందండీ ఆంటీ, కొత్తది తీసుకోండి, పద్ధెనిమిది వేలల్లో మంచిది వచ్చింది' అంటున్నాడు. కుక్కర్‌లో గాస్కెట్ పోతే గాస్కెట్ మారుస్తాం గానీ కుక్కరు పారేస్తామా, నువ్వే చెప్పు!" అని దులిపేసింది.

ఆ ఫోను ఏ కంపెనీదో చెప్పను లెండి. ఏ కంపెనీదైనా ఇంచుమించు కథ ఇదే.

పెట్టేసే ముందు వదిన ఇంకోమాట అడిగింది. "నెలకి రెండువేలు మ్యూచువల్ ఫండులో కడుతున్నానా? అందులో అమెరికా కంపెనీలు కూడా ఉన్నాయిట. ఐఫోన్ల కంపెనీ కూడా ఉందిట. అది బాగా పెరుగుతుందంటావా? నా మోకాలి ఆపరేషన్‌కని దాస్తున్న డబ్బమ్మా అది. అబ్బాయి ముందు చెయ్యి చాచడం నాకిష్టం లేదు."

నాకు నవ్వొచ్చింది. చూశారా, ఒక్క నోటితో రెండు కోరికలు! ఫోన్ల కంపెనీ నాచేత మాటిమాటికీ కొత్త ఫోను కొనిపించకూడదు. అది మొదటిది. ఫోన్ల కంపెనీ బోలెడు ఫోన్లు అమ్మి, లాభాలు తెచ్చి, నా డబ్బు పెంచాలి. ఇది రెండోది. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఇదే గదా!

కాసేపటికి నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే నేనూ అంతే. బహుశా మీరూ అంతే. ఈ రోజుల్లో వంటింట్లో ఉన్న మనం కూడా ఒక చేత్తో సరుకు కొంటున్నాం, ఇంకో చేత్తో ఆ సరుకు చేసే కంపెనీలో, ఫండు ద్వారానో షేరు ద్వారానో, రవ్వంత వాటా పెట్టుకుంటున్నాం. ఆ రెండు చేతులకీ తగవు వస్తే ఏమవుతుంది? దానికి అమెరికాలోని ఆపిల్ కంపెనీ కథ కన్నా మంచి ఉదాహరణ లేదు.

ముందు ఒక్క సంగతి. మీరూ నలుగురు స్నేహితురాళ్ళూ కలిసి ఊరగాయల వ్యాపారం పెట్టారనుకోండి. కొనడానికి వచ్చినామె జాడీ పెద్దదిగా ఉండాలి, నూనె తేలాలి, ధర తగ్గాలి అంటుంది. డబ్బు పెట్టిన స్నేహితురాలు ఏడాది చివర ఎంత మిగిలిందీ అంటుంది. ఇద్దరూ తప్పు కాదు. అయితే షేర్ల మార్కెట్టులో ఇంకో చిక్కుంది. అక్కడ ధర ఇవాళ్టి లాభాన్ని బట్టి కాదు, రేపు వస్తుందనుకున్న లాభాన్ని బట్టి ఉంటుంది. పెళ్ళికి మూడొందల మంది వస్తారని వండించాం, రెండొందల మందే వచ్చారు. వంట అమృతంలా ఉన్నా మాట మాత్రం 'మిగిలిపోయిందిట' అనే గదా! అలాగన్నమాట.

ధర తగ్గితే కోపమా?

ఆపిల్ మొట్టమొదటి ఐఫోను 2007 జూన్ 29న అమ్మకానికి వచ్చింది. 8 జీబీ ఫోను ధర 599 డాలర్లు. జనం కొట్ల ముందు బారులు తీరి కొన్నారు. పది వారాలు తిరిగేసరికి, సెప్టెంబరు మొదటివారంలో కంపెనీ అదే ఫోను ధరను 399 డాలర్లకి దించేసింది.

మనకు బాగా తెలిసిన బాధే! జ్యేష్ఠంలో పట్టుచీర కొంటాం. ఆషాఢం రాగానే అదే చీర అదే కొట్లో తగ్గింపు ధరకి వేలాడుతూ ఉంటుంది. కొత్తగా కొనేవాళ్ళకి పండగ, ముందే కొన్నవాళ్ళకి కడుపుమంట. అమెరికాలోనూ అదే గోల. మర్నాడే కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగంగా ఉత్తరం రాసి, ముందు కొన్నవాళ్ళకి 100 డాలర్ల మేరకు ఆపిల్ కొట్లో సరుకు తీసుకునే వీలు కల్పించాడు. అటు షేర్లున్నవాళ్ళేమో, అమ్మకాలు తగ్గాయి కాబోలు, అందుకే ధర దించారని అనుమానపడ్డారు. ఒక్క నిర్ణయానికి ఎన్ని ముఖాలో చూడండి.

చవక ఫోను వస్తుందనుకుంటే...

2013 నాటికి చవక ఫోన్లు బజారు నిండా వచ్చేశాయి. 'ఆపిల్ కూడా చైనా, ఇండియా వంటి దేశాలకు సరిపడే చవక ఫోను తేవాలి, లేకపోతే వెనకబడిపోతుంది' అని మార్కెట్టు పండితులు తెగ చెప్పారు. కొనాలని ఆశపడుతున్నవాళ్ళదీ అదే కోరిక. అంటే ఈసారి కొనేవాళ్ళూ, వాటాదారులూ ఒకే మాట మీద ఉన్నారు.

2013 సెప్టెంబరు 10న ప్లాస్టిక్ ఒంటితో, రంగురంగుల్లో ఐఫోన్ 5సి అనే ఫోనును చూపించారు. ముచ్చటగా ఉంది. ధర చెప్పేసరికి అందరి ముఖాలూ వాడిపోయాయి. అమెరికాలో ఫోను కంపెనీల ఒప్పందం లేకుండా కొంటే 549 డాలర్లు! మర్నాడు ఆపిల్ షేరు 5 శాతం పైగా పడింది. ఆ నవంబరులో మన దేశానికి వచ్చేసరికి దాని ధర 41,900 రూపాయలు. అప్పటి తులం బంగారం కన్నా ఎక్కువన్నమాట. అది చవక ఫోనుట!

కంపెనీ మునిగిపోయిందా? లేదు. మరుసటి ఏడాది, 2014 సెప్టెంబరులో, ఐఫోన్ 6, 6 ప్లస్ అని పెద్ద తెరల ఫోన్లు తెచ్చింది. పెద్ద తెర కావాలని కొనేవాళ్ళు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. ఆ ఏడాది చివరి మూడు నెలల్లో 7 కోట్ల 45 లక్షల ఐఫోన్లు అమ్ముడుపోయాయి. ఆ మూడు నెలల లాభం 1,800 కోట్ల డాలర్లు!

గమనించారా? 'ధర తగ్గించు' అన్న కోరిక వినలేదు. 'తెర పెంచు' అన్న కోరిక విన్నది. ఏ కోరిక తీరిస్తే తన మిగులు తగ్గదో ఆ కోరికే తీర్చింది. పెద్ద కంపెనీ మన మాట విన్నదని మురిసిపోయే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అలాగని మాట విననివాళ్ళందరూ నెగ్గుతారనీ కాదు. ఒకప్పుడు మన ఇళ్ళల్లో ఎవరి చేతిలో చూసినా నోకియా ఫోనే గదా! ఆ నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కి అమ్మేస్తున్నట్టు ప్రకటించింది కూడా సరిగ్గా ఆ 2013 సెప్టెంబరులోనే. తెరమీద వేలితో నడిచే ఫోన్లు జనానికి ఎంత నచ్చుతాయో అంచనా వేయలేక వెనకబడిపోయింది.

కొసరు మానేసిన కొట్టు

కూరలవాడి దగ్గర కిలో వంకాయలు కొని, కాస్త కరివేపాకూ, రెండు పచ్చిమిరపకాయలూ కొసరు అడుగుతాం. అసలు కన్నా కొసరు ముద్దు అన్నారు. ఒకరోజు వాడు "కరివేపాకు ఇక కొనుక్కోవాలండీ" అంటే మనకెలా ఉంటుంది?

2016 సెప్టెంబరులో ఐఫోన్ 7 వచ్చినప్పుడు, దానికి మామూలు ఇయర్‌ఫోన్లు గుచ్చుకునే రంధ్రం లేదు. ఎందుకు తీసేశారంటే 'ధైర్యం' అన్నాడు వేదిక మీద కంపెనీ ఉన్నతాధికారి ఫిల్ షిల్లర్. జనం ఆ మాట పట్టుకుని చాలాకాలం నవ్వుకున్నారు. అదే వేదిక మీద తీగల్లేని ఎయిర్‌పాడ్లు కూడా చూపించారు, 159 డాలర్లకి. మొదట్లో పాత ఇయర్‌ఫోన్లు తగిలించుకోవడానికి ఒక చిన్న తీగముక్క డబ్బాలో పెట్టి ఇచ్చారు. 2018లో అదీ మానేశారు. నవ్వుకున్నవాళ్ళే తరువాత తరువాత ఎయిర్‌పాడ్లు కొనుక్కున్నారు. మన హైదరాబాదు దగ్గర కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ వాళ్ళు కట్టిన ఫ్యాక్టరీలో 2025 నుంచి తయారవుతున్నవి ఆ ఎయిర్‌పాడ్లే.

2020 అక్టోబరులో ఐఫోన్ 12 డబ్బాలోంచి ఛార్జరూ, ఇయర్‌ఫోన్లూ రెండూ మాయం. అందరి ఇళ్ళల్లో ఛార్జర్లు పడి ఉన్నాయి, చెత్త తగ్గుతుంది, డబ్బా చిన్నదైతే ఒక్కసారే ఎక్కువ ఫోన్లు పంపొచ్చు అని కంపెనీ చెప్పింది. అందులో నిజం లేకపోలేదు. మన ఇంట్లో సొరుగు లాగి చూసుకుంటే ఎన్ని ఛార్జర్లున్నాయో మనకే తెలుస్తుంది. కాకపోతే కొసరు తీసేసినప్పుడు ధర కూడా ఆ మేరకు తగ్గాలి గదా అని కొనేవాళ్ళ బాధ. ఖర్చు తగ్గింది, ఛార్జరు విడిగా అమ్ముకోవచ్చు అని వాటాదారుల సంతోషం.

ఇక్కడ మూడో మనిషి వచ్చాడు. ప్రభుత్వం. బ్రెజిల్ దేశంలో 2022 సెప్టెంబరులో ఛార్జరు లేకుండా ఐఫోన్లు అమ్మడానికి వీల్లేదని చెప్పి, కోటి రియాళ్ళకి పైగా జరిమానా వేశారు. రియాలంటే వాళ్ళ రూపాయన్నమాట. యూరపు దేశాలవాళ్ళు అన్ని ఫోన్లకీ ఒకే రకం ఛార్జింగు రంధ్రం ఉండాలని 2022లో చట్టం చేశారు. అది 2024 డిసెంబరు 28 నుంచి అమల్లోకి వచ్చింది. ఆపిల్ అంతకుముందే, 2023 సెప్టెంబరులో, ఐఫోన్ 15తో దారికి వచ్చింది. ఇంట్లో అందరి ఫోన్లకీ ఒకే తీగ సరిపోతే ఎంత హాయి! మనం ఎన్నాళ్ళు అడిగినా జరగనిది చట్టం అడిగితే జరిగింది.

పొమ్మనలేక పొగబెట్టారా?

ఇప్పుడు అసలు కథకి వద్దాం. మా వదిన గాస్కెట్ కథే ఇది.

ఫోను బ్యాటరీ కూడా మన మోకాళ్ళ లాంటిదే. వయసు పైబడేకొద్దీ బరువు మోయలేదు. పాతబడిన లిథియం బ్యాటరీ మామూలు పనులకి సరిపోతుంది గానీ, ఫోను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇవ్వలేదు. అప్పుడే నలభై శాతం చూపిస్తూ కూడా టప్పున ఆరిపోతుంది. ఐఫోన్ 6, 6ఎస్ ఫోన్లకు ఈ బాధ వచ్చింది. ఆపిల్ ఏం చేసిందంటే, 2017 జనవరిలో ఫోన్లకి పంపిన మార్పులో, బ్యాటరీ పాతబడితే ఫోను వేగం కాస్త తగ్గేలా చేసింది. వేగం తగ్గితే కరెంటు తక్కువ లాగుతుంది, ఆరిపోదు. మోకాలు నొప్పిగా ఉన్నవాళ్ళు మెట్లు మెల్లగా ఎక్కినట్టన్నమాట. ఆలోచన చెడ్డదేమీ కాదు.

కానీ ఆ సంగతి జనానికి విడమరిచి చెప్పలేదు! ఫోను ఎందుకు నత్తలా నడుస్తోందో తెలియక, ఇక దీని పని అయిపోయిందనుకుని, బ్యాటరీ మారిస్తే సరిపోయేదానికి కొత్త ఫోను కొన్నవాళ్ళు కొన్నారు. 2017 డిసెంబరులో ఫోన్ల వేగం కొలిచేవాళ్ళు ఈ తేడాని బయటపెట్టారు. అప్పుడు కంపెనీ ఒప్పుకుంది. కొత్తది కొనిపించడానికి పాతదాన్ని మందగింపజేశారు, పొమ్మనలేక పొగబెట్టారు అని జనం మండిపడ్డారు. అటువంటి ఉద్దేశం ఎప్పుడూ లేదంటూనే, డిసెంబరు 28న కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. బ్యాటరీ మార్చడానికి అమెరికాలో 79 డాలర్లు ఉన్నదాన్ని 2018 ఆఖరు దాకా 29 డాలర్లు చేసింది. దావాలు మాత్రం ఆగలేదు. 2020లో కొనుగోలుదారుల దావా ఒకటి 50 కోట్ల డాలర్ల దాకా ఇచ్చే ఒప్పందంతో ముగిసింది. అక్కడి రాష్ట్రాలు కొన్ని కలిసి వేసిన కేసులో ఇంకో 11 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టింది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు.

2018 అంతా 29 డాలర్లకి గాస్కెట్ మార్చుకున్నవాళ్ళు హాయిగా పాత కుక్కర్‌తోనే వండుకున్నారు. మనలాంటి గృహిణి ఎవరైనా 'శభాష్' అంటుంది గదా?

2019 జనవరి 2న ఆపిల్ అధిపతి టిమ్ కుక్ వాటాదారులకు ఒక ఉత్తరం రాశాడు. ఆ మూడు నెలల్లో 8,900 నుంచి 9,300 కోట్ల డాలర్ల వరకు అమ్మకాలుంటాయని చెప్పాం, 8,400 కోట్లే రాబోతున్నాయి అని దాని సారాంశం. ముఖ్యమైన కారణం చైనాలో అమ్మకాలు తగ్గడం. డాలరు విలువ పెరగడం వంటి ఇతర కారణాలూ రాశాడు. వాటి మధ్యలో ఇంకొకటి ఉంది. తగ్గించిన ధరకి కొందరు బ్యాటరీలు మార్చుకున్నారు, అంచేత కొత్త ఫోన్లు అనుకున్నంతగా కొనలేదు అని!

మర్నాడు ఆపిల్ షేరు ఒక్కరోజులో దాదాపు 10 శాతం పడింది.

ఈ మాట నేను మొదట చదివినప్పుడు రెండుసార్లు చదివాను. ఇల్లాలు పొదుపు చేసిందని, ఉన్న వస్తువునే బాగుచేసుకుని వాడుకుందని, అది వాటాదారులకి చెప్పే చెడు వార్తల జాబితాలోకి ఎక్కింది. మా వదిన రెండు కోరికల మధ్య ఉన్న గోడ ఎక్కడుందో నాకు అక్కడ కనిపించింది.

టీచర్ల డబ్బు అడిగిన మాట

అయితే వాటాదారు అంటే ఎప్పుడూ డబ్బే అడుగుతాడని అనుకోకండి. ఇంకో ఉత్తరం కథ చెబుతాను.

2018 జనవరిలో, అంటే ఆ బ్యాటరీ గొడవ జరుగుతున్న రోజుల్లోనే, ఆపిల్‌లో షేర్లున్న రెండు సంస్థలు కలిసి కంపెనీకి బహిరంగంగా ఉత్తరం రాశాయి. ఒకటి జానా పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థ. రెండోది కాలిఫోర్నియా రాష్ట్రంలో టీచర్ల పింఛన్ల డబ్బు చూసే సంస్థ. రెండింటికీ కలిపి దాదాపు 200 కోట్ల డాలర్ల ఆపిల్ షేర్లున్నాయి. లాభం పెంచండి అని అడిగారా? కాదు. పిల్లలు ఫోన్లకి అతుక్కుపోతున్నారు, అది వాళ్ళమీద ఎలా పనిచేస్తోందో పరిశోధన చేయించండి, ఫోను వాడకాన్ని అదుపు చేసే సాధనాలు తల్లిదండ్రుల చేతికివ్వండి అని అడిగారు. ఇవాళ పిల్లల బాగు చూస్తే రేపు కంపెనీకీ మంచిదేనని వాళ్ళ వాదన.

ఆ జూన్‌లో ఆపిల్, పిల్లవాడు రోజుకి ఎంతసేపు ఫోను చూశాడో లెక్క చూపించి, దానికి హద్దు పెట్టే ఏర్పాటును ప్రకటించింది. సెప్టెంబరులో అది ఫోన్లలోకి వచ్చింది. ఇటువంటివి ముందునుంచే ఆలోచిస్తున్నామని కంపెనీ చెప్పుకుంది. సరే, అలాగే అనుకుందాం. కానీ బడిలో పిల్లల్ని చూసే టీచర్ల పింఛను డబ్బు, వాటాదారు కుర్చీలో కూర్చుని, తల్లి అడిగే మాట అడిగిందా లేదా?

ఇంకోటి చూడండి. 2021 సెప్టెంబరులో గ్రీన్ సెంచురీ అనే మ్యూచువల్ ఫండు సంస్థ, జనం తమ ఫోన్లు తామే బాగుచేసుకునే వీలు కల్పించే విషయం ఆలోచించమని, ఆపిల్ వాటాదారుల సభకి ఒక తీర్మానం ఇచ్చింది. నవంబరులో ఆపిల్ తన విడిభాగాలనూ, పనిముట్లనూ మామూలు జనానికి అమ్ముతామని ప్రకటించింది. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో అది మొదలైంది. గాస్కెట్ అమ్మండి అని అడిగినవాళ్ళు ఈసారి వాటాదారులే!

అందుకే నన్నడిగితే, కొనేవాళ్ళకీ వాటాదారులకీ పుట్టుకతో వైరం లేదు. మూడు నెలల లెక్క చూసే వాటాదారుకి బ్యాటరీ మార్చుకున్న ఇల్లాలు నష్టంలా కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళ తరువాత పింఛను రావాలని చూసే వాటాదారుకి, నమ్మకంతో మళ్ళీ అదే కొట్టుకి వచ్చే ఇల్లాలే ఆస్తిలా కనిపిస్తుంది. తేడా మనిషిలో లేదు, ఎంతకాలం చూస్తున్నామన్న దాంట్లో ఉంది.

మరి మనమేం చేయాలి?

ముందు కొనేటప్పటి సంగతి. ఫోను కొనేముందు కెమెరా ఎంత, రంగులేమున్నాయి అని అడుగుతాం. వాటితోపాటు మూడు ప్రశ్నలు అడగండి. బ్యాటరీ మార్చాలంటే ఎంత, మా ఊళ్ళో ఎక్కడ మారుస్తారు? భద్రత కోసం పంపే మార్పులు ఎన్నేళ్ళు వస్తాయి? డబ్బాలో ఏమేమున్నాయి? మనం బ్యాంకు పనులన్నీ ఫోనులోనే చేసుకుంటున్నాం గనక రెండోది మరీ ముఖ్యం. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని షాపువాడు కొత్త ఫోను అంటగట్టడంలో మాత్రం ఆరితేరి ఉంటాడు.

ఫోను నెమ్మదిస్తే ముందు సెట్టింగుల్లో బ్యాటరీ పరిస్థితి చూపించే చోటు ఉందేమో చూడండి. బాగుకి ఇచ్చేముందు ఫొటోలు, నంబర్లు వేరేచోట దాచుకోండి. బ్యాటరీ ఉబ్బి, ఫోను వెనకభాగం పైకి లేస్తే మాత్రం ఛార్జింగు పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. అది ప్రమాదం, వెంటనే సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళండి. బాగుచేయించిన ప్రతిసారీ బిల్లు అడగండి. గొడవ వస్తే మాట్లాడేది ఆ కాగితమే. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 కి ఫోను చేసి చెప్పుకోవచ్చు. బాగుచేయించుకునే హక్కు కోసం మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక వెబ్‌సైటు కూడా తెరిచింది.

ఇక వాటాదారు కుర్చీలో కూర్చున్నప్పటి సంగతి. మీరు కట్టే ఫండు ఏ కంపెనీల్లో డబ్బు పెట్టిందో ప్రతినెలా జాబితా ప్రకటించాలి. ఒక్కసారి చూడండి, మీ ఇంట్లో వస్తువుల పేర్లే అందులో కనిపించి ఆశ్చర్యపోతారు. ఫోను బాగుంది కదా అని ఆ కంపెనీ షేరు కొనకండి. ఐఫోన్ 5సి ముచ్చటగానే ఉంది, షేరు మాత్రం పడింది. ఒక్కరోజు పడిందని భయపడి అమ్ముకోకండి. 2019 జనవరిలో అంతగా పడిన ఆపిల్ విలువ, 2020 ఆగస్టులో 2 లక్షల కోట్ల డాలర్లు, 2023 జూన్‌లో 3 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అలాగని అన్ని కంపెనీలూ లేచి నిలబడతాయనీ కాదు, నోకియా ఫోన్ల సంగతి చెప్పుకున్నాం గదా. అంచేత ఒక్క కంపెనీని నమ్ముకోవద్దు. నేరుగా షేర్లున్నవాళ్ళకి ఇంట్లో కూర్చునే ఓటు వేసే వీలుంది. ఆ కంపెనీ కాగితాలు వస్తే చదవకుండా చింపేయకండి.

అన్నిటికన్నా ముఖ్యం, రెండు మూడేళ్ళల్లో అవసరమయ్యే డబ్బు షేర్లలో ఉంచకండి. ఒక్కరోజులో 10 శాతం పడే చోట మోకాలి ఆపరేషన్ డబ్బు ఉండకూడదు. డాక్టరు డేటు ఇచ్చిన రోజే మార్కెట్టు పడితే ఏం చేస్తాం?

ఇదే మాట మా వదినకీ చెప్పాను. వచ్చే ఏడాది వేసంగిలో ఆపరేషన్ అనుకుంటోంది గనక, ఫండులో ఉన్నదాంట్లో అందుకు సరిపడా తీసి బ్యాంకులో డిపాజిట్ చేసింది. తక్కినది అలాగే ఉంచి, నెలకి రెండువేలూ మానకుండా కడుతోంది. ఇంకో షాపుకి వెళ్ళి, పద్ధెనిమిది వందలకి బ్యాటరీ మార్పించుకుంది. కొత్త ఫోను కొని ఉంటే తొమ్మిది నెలల పొదుపు గల్లంతయ్యేది.

మొన్న ఆ ఫోనునుంచే మాట్లాడింది. అరగంట మాట్లాడినా ఒక్కసారి కూడా తెగలేదు. నేను నవ్వుతూ, "నువ్విలా బ్యాటరీలు మార్చుకుంటూ కూర్చుంటే ఫోన్ల కంపెనీల షేర్లు పడిపోతాయి వదినా, నీ ఫండూ పడుతుంది మరి!" అన్నాను.

"పడితే మళ్ళీ లేస్తుందిలే అమ్మాయ్" అంది. "లేవాల్సింది ముందు నా మోకాలు."